యాత్రికుని సంచిలో రెండు పుస్తకములు

దేశాటనము విద్యలో ఒక భాగమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. అయితే దేశాటనము చేసిన ప్రతివాడును విద్యావంతుడై తిరిగివచ్చుచున్నాడా? ఒకే బండిలో బయలుదేరి, ఒకే ఊరు చూచి, ఒకే దినమున ఇల్లు చేరిన ఇద్దరిలో ఒకడు నెలలతరబడి చెప్పదగిన విశేషములను మోసికొనివచ్చును. మరియొకడు ఎండను, రద్దీని, హోటలు బిల్లును మాత్రమే జ్ఞాపకముంచుకొనును. వారి కన్నులలో భేదము లేదు. బయలుదేరుటకు ముందు చేసిన సన్నాహములో భేదము కలదు.

ప్రయాణమనగానే గృహస్థుడు సెలవులు లెక్కించును, టికెట్లు కొనును, బట్టలు సర్దించును, దారిలో తినుటకు పులిహోర కట్టించుకొనును. ఇవి యన్నియు అవసరములే. కాని పోవుచోటును గూర్చి ఏ పుస్తకము చదువవలెనని ఆలోచించువారు అరుదు. ఆలోచించినవారు కూడ అంగడికి పోయి, అట్టమీది బొమ్మ అందముగానున్న పుస్తకమును కొని తెచ్చుకొందురు. చెప్పులు కొనునప్పుడు పాదమునకు సరిపోవునా యని చూచువాడు, పుస్తకము కొనునప్పుడు తన ప్రయాణమునకు సరిపోవునా యని చూడడు. సరిపోని పుస్తకమువలన కలుగు బాధ చెప్పు కరచిన బాధకంటె తక్కువ కాదు. ధనము వ్యర్థమగును, దినములు వ్యర్థమగును, కొన్ని తావులలో ప్రాణమునకే ముప్పు వచ్చును. కావున పుస్తకమును ఎన్నుకొనుట ప్రయాణమునకు ముందు చేయు చిన్న పని కాదు. అది ప్రయాణములోని మొదటి మజిలీ.

ప్రయాణపు పుస్తకములు స్థూలముగా రెండు జాతులవి. మొదటిది మార్గదర్శిని, జనులు గైడు పుస్తకమని పిలుచునది ఇదియే. ఏ రైలు ఎక్కవలెను, ఎక్కడ దిగవలెను, ఎచ్చట బసచేయవలెను, గుడి తలుపులు ఏ వేళకు తెరతురు, కొండకు మెట్లు ఎన్ని అను సంగతులను ఇది చెప్పును. రెండవది యాత్రాచరిత్ర. ఒక మనిషి ఒక దేశమునకు పోయి, తాను చూచినదియు, విన్నదియు, అనుభవించినదియు వ్రాసిన గ్రంథమిది. మొదటిది దారి చెప్పును. రెండవది ఊరు చెప్పును. మొదటిది కాళ్లకు ఉపకరించును. రెండవది కన్నులకు ఉపకరించును. మార్గదర్శినిలో కవిత్వమును, యాత్రాచరిత్రలో రైళ్ల వేళలను వెదకువాడు రెండింటివలనను నష్టపోవును. రెండును కలిగియున్నవాడే సరియైన యాత్రికుడు.

మార్గదర్శినికి ఇప్పటి రూపము వచ్చి సుమారు రెండువందల ఏండ్లయినది. మరియానా స్టార్క్ అను ఆంగ్ల రచయిత్రి 1820లో ప్రకటించిన గ్రంథములో, యూరపు ఖండమందలి చిత్రములకును శిల్పములకును వాని యోగ్యతను బట్టి ఆశ్చర్యార్థక చిహ్నములు వేసెను. చిహ్నములు ఎన్ని ఎక్కువయున్న అది అంత చూడదగినదని అర్థము. 1836లో లండనునందు జాన్ మర్రే తన మొదటి మార్గదర్శినిని వెలువరించెను. జర్మనీ దేశమున కార్ల్ బేడెకర్ ఎర్ర అట్టలతో వెలువరించిన పుస్తకములు ఎంత ప్రసిద్ధికెక్కినవనగా, కొంతకాలమునకు ‘బేడెకర్’ అన్న మాటకు మార్గదర్శిని యనియే అర్థమేర్పడెను. మర్రే సంస్థవారు 1859లో మద్రాసు, బొంబాయి రాజధానులను గూర్చియు ఇట్టి గ్రంథములను ప్రకటించిరి. 1973లో టోనీ వీలర్, మారీన్ వీలర్ అను దంపతులు తక్కువ ఖర్చుతో ఆసియాఖండమును దాటు విధమును గూర్చి ఒక చిన్న పుస్తకము అచ్చువేసిరి. లోన్లీ ప్లానెట్ అను పెద్ద ప్రచురణ సంస్థకు అదియే బీజమైనది.

ఈ పుస్తకములు చేసిన మేలు సామాన్యమైనది కాదు. అంతకుముందు పరదేశములో అడుగు పెట్టిన యాత్రికుడు దళారులకు చిక్కిన ఎరవంటివాడు. బండివాడు చెప్పినదే దూరము, సత్రమువాడు చెప్పినదే ధర, దారిచూపువాడు చెప్పినదే చరిత్ర. యాత్రికుడు కూలికి కుదిరిన మనిషిపై ఆధారపడక తన కాళ్లపై తాను నిలువవలెననునదే బేడెకర్ ఆశయము. తెలిసినవానిని మోసగించుట కష్టము. మంచి మార్గదర్శిని పేదయాత్రికునికి సైతము ఆ తెలివిని కొద్దిపాటి వెలకు సంపాదించి పెట్టినది.

అయితే ఇంత మేలు చేసిన పుస్తకమును గ్రుడ్డిగా నమ్మవచ్చునా? నమ్మరాదు. కొనుటకు ముందు దానిని మూడు ప్రశ్నలు అడుగవలెను. అది ఎప్పుడు వ్రాయబడినది? ఎవరు వ్రాసిరి? ఎవరికొరకు వ్రాసిరి?

మొదటి ప్రశ్న కాలమును గూర్చినది. 1964వ సంవత్సరమునకు ముందు అచ్చయిన మార్గదర్శినిలో ధనుష్కోటి ఒక రైలు స్టేషను. అక్కడ రైలు దిగి ఓడ ఎక్కి సింహళమునందలి తలైమన్నారునకు పోవచ్చునని అందులో ఉండును. ఆ సంవత్సరము డిసెంబరు 22వ తేదీ రాత్రి వచ్చిన పెనుతుపాను ఆ పట్టణమును నేలమట్టము చేసెను. పాంబను నుండి వచ్చుచున్న ప్రయాణికుల రైలు అలలలో కొట్టుకొనిపోయి, నూరుమందికి పైగా మరణించిరి. పుస్తకములోని అక్షరము చెక్కుచెదరలేదు. ఊరు మాత్రము లేదు.

ఆంధ్రదేశమునందే మరియొక దృష్టాంతము కలదు. నాగార్జునకొండ కృష్ణానది ఒడ్డున కొండలనడుమ నున్న లోయ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అందే యుండెను. సాగరు జలాశయమునకు 1955లో శంకుస్థాపన జరిగినది. లోయ మునిగిపోవునని తెలిసి, పురాతత్త్వశాఖవారు 1954 నుండి 1960 వరకు అచ్చట త్రవ్వకములు జరిపి, ముఖ్యమైన కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించి మరల నిర్మించిరి. 1967లో జలాశయము నిండనారంభించెను. పాత పుస్తకమును పట్టుకొని లోయలోనికి బాట ఎక్కడ అని అడుగువానికి నీరు మాత్రమే కనబడును. ఇప్పుడు ఆ కొండ ఒక ద్వీపము. లాంచీ ఎక్కక అక్కడికి చేరుట సాధ్యము కాదు.

ఈ రెండును పాత సంగతులని కొట్టివేయరాదు. కేదారనాథమునకు గౌరీకుండము నుండి నడచిపోవు బాటలో సగము దూరమున రాంబాడా అను మజిలీ యుండెడిది. అలసినవారు అక్కడ ఆగి, టీ త్రాగి, రాత్రి అయినచో తలదాచుకొనెడివారు. 2013 జూను నెలలో మందాకినికి వచ్చిన వరద ఆ మజిలీని తుడిచిపెట్టెను. తరువాత బాటను నదికి ఆవలిగట్టునకు మార్చిరి. దూరము కూడ పెరిగినది. 2012లో అచ్చయిన పుస్తకమును నమ్మి, చీకటి పడులోపల రాంబాడా చేరి విశ్రమింతమని లెక్కవేసికొన్న వృద్ధదంపతుల గతి ఏమగును? హిమాలయములలో ఆ తప్పు లెక్కకు వెల ధనముతో తీరునది కాదు.

కావున పుస్తకము తెరచిన వెంటనే అచ్చు వివరములున్న పుటను చూడవలెను. అందును ఒక మెలకువ అవసరము. ‘పునర్ముద్రణము’ అన్నచో పాత విషయమునే మరల అచ్చొత్తిరని అర్థము. ‘సవరించిన కూర్పు’ అన్నచో లోపలి సంగతులను తిరిగి పరిశీలించిరని అర్థము. అట్టమీద క్రొత్త సంవత్సరమున్నంత మాత్రమున లోపలి సంగతి క్రొత్తది కానేరదు.

పుస్తకములోని సంగతులన్నియు ఒకే వేగముతో చెడవు. ధరలు పాలవంటివి, నేటివి రేపటికి నిలువవు. రైళ్ల వేళలు పెరుగువంటివి. కొలది దినములలో పులిసిపోవును. బాటలు, వంతెనలు నేతివంటివి, కొంతకాలము నిలుచును. కొండలు, నదులు, శిల్పములు, జనుల చరిత్రము తేనెవంటివి. ఏండ్లు గడచినను చెడవు. వివేకవంతుడు తేనెను పుస్తకము నుండి తీసికొనును. పాలను మాత్రము బయలుదేరునాడు రైల్వేవారిని, పర్యాటకశాఖవారిని అడిగి తెలిసికొనును. గోదావరికి వరద వచ్చినప్పుడు పాపికొండల పడవలు నిలిపివేయుదురు. ఏ పుస్తకమును ఆ దినపు నీటిమట్టమును చెప్పజాలదు.

అట్లయిన పాత గ్రంథములు చెత్తబుట్టకు తగినవేనా? కావు. చీనా దేశమునుండి వచ్చిన బౌద్ధభిక్షువు హ్యూయన్ త్సాంగు భారతదేశమంతయు తిరిగి, 645లో స్వదేశమునకు చేరి, మరుసటి సంవత్సరమున తన యాత్రాగ్రంథమును ముగించెను. ఏ నగరమునుండి ఏ దిక్కున ఎంత దూరము నడచినది, అక్కడ ఎన్ని విహారములున్నది ఆయన శ్రద్ధగా వ్రాసియుంచెను. పండ్రెండు వందల ఏండ్ల తరువాత, 1861లో పురాతత్త్వ పరిశోధనకు నియమింపబడిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ ఆ గ్రంథమును చేతబట్టుకొని, అందలి దూరములను కొలుచుచు, మట్టిదిబ్బలక్రింద మరుగుపడియున్న నలందను, శ్రావస్తిని గుర్తింపగలిగెను. ఏడవ శతాబ్దపు యాత్రికుడు పందొమ్మిదవ శతాబ్దపు పండితునికి దారి చూపెను! దీనివలన తెలియునది ఒకటే. కాలము చెల్లిన పుస్తకము నేటి బసను చూపజాలకపోయినను, నాటి ఊరిని చూపగలదు. ఆ సంగతి తెలిసి చదువువానికి అది నిధి. తెలియక నమ్మువానికి అది గొయ్యి.

రెండవ ప్రశ్న వ్రాసినవానిని గూర్చినది. వ్రాసినవాడు నిజముగా అక్కడికి పోయెనా? పదునాల్గవ శతాబ్దమున యూరపులో సర్ జాన్ మాండెవిల్ అను పేరుతో ఒక యాత్రాగ్రంథము వెలువడినది. ఒంటికాలి మనుష్యులు, తలలేక రొమ్మున ముఖముగలవారు అందు కనబడుదురు. వ్రాసినవాడు ఇతరుల గ్రంథములనుండి సంగతులను ఏరి కూర్చెనే కాని, తాను వర్ణించిన దేశములలో చాలవానికి పోనేలేదని పండితుల అభిప్రాయము. అయినను శతాబ్దములతరబడి జనులు దానిని వేడుకతో చదివిరి, నమ్మిరి. ఈ మాయ నేటికిని అంతరింపలేదు. మనిషి అడుగుపెట్టకుండనే, కంప్యూటరు యంత్రము కూర్చిన మాటలతో, కల్పిత రచయితల పేర్లతో మార్గదర్శినులు అమ్మకమునకు వచ్చుచున్నవని 2023లో వార్తాపత్రికలు బయటపెట్టినవి. ఎరుగని ఊరిని గూర్చి చదువువానికి నిజమేదో అబద్ధమేదో తెలియుటెట్లు?

దీనికొక సులభమైన పరీక్ష కలదు. పుస్తకము కొనుటకు ముందు, చదువరి తన ఊరిని గూర్చియో, తాను బాగుగా ఎరిగిన సమీపపట్టణమును గూర్చియో అందేమి వ్రాసిరో చూడవలెను. ఎరిగిన ఊరి పుటలో తప్పులున్నచో, ఎరుగని ఊరి పుటలో ఒప్పులుండునని ఆశించుట వెర్రి. మరియొక గుర్తు కూడ కలదు. స్వయముగా పోయినవాడు దొరకనిదానిని కూడ చెప్పును: ఇచ్చట మధ్యాహ్నము నీడ లేదు, ఆ ఏటి దగ్గర త్రాగునీరు దొరకదు, ఈ గుడికి నేను పోలేదు, విన్నది మాత్రమే వ్రాయుచున్నాను అనును. పోనివాని పుస్తకములో ప్రతి సరస్సును మనోహరముగనే యుండును. ప్రతి కొండయు ఆకాశమునంటుచునే యుండును. దూరపు కొండలు నునుపన్న సామెత అట్టివారిని చూచి పుట్టినదే కావచ్చును.

మూడవ ప్రశ్న అందరును మరచునది. ఎవరికొరకు వ్రాసిరి? మర్రేవారి పుస్తకము ఇంగ్లండునుండి వచ్చు దొరలకును, వారి కుటుంబములకును వ్రాయబడినది. ఏ తావున ప్రయాణికుల బంగళా కలదు, ఎట్టి నౌకరులను కుదుర్చుకొనవలెను అన్న సంగతులకు అందు పెద్దపీట. గుడివీధిలో అమ్ము స్థలపురాణము భక్తులకొరకు వ్రాయబడినది. దానిలో మహిమలుండును కాని మరుగుదొడ్డి ఎక్కడ నున్నదో ఉండదు. భుజాన సంచి వేసికొని తిరుగు యువకులకు వ్రాసిన పుస్తకము, కొండకు ఎన్ని మెట్లున్నవో చెప్పుట మరచిపోవును. మోకాళ్లనొప్పి గల నాయనమ్మకు కావలసిన మొదటి సంగతి అదియే. పుస్తకము చెడ్డది కాకపోవచ్చును. అది వేరొకరిదై యుండవచ్చును. తోడువచ్చువారిలో బాలలెందరు, వృద్ధులెందరు, నడువలేనివారు కలరా యని ఆలోచించి, వారి అవసరములకు బదులు చెప్పు పుస్తకమునే ఎన్నుకొనవలెను.

దారిని, ఊరిని ఒకే పుస్తకమున చూపినవారు అరుదు. తెలుగువారికి అట్టి గ్రంథమొకటి లభించుట అదృష్టము. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా ఉద్యోగము చేసినవారు. ఆయన 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో మద్రాసు నుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చిరి. దేశములో రైళ్లు లేని కాలమది. మొదటి ప్రయాణికుల రైలు 1853లో గాని నడువలేదు. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, జగన్నాథము—ఇది ఆయన తిరిగిన మార్గము. దారిపొడవునను తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లెకు సంగతులు వ్రాసి పంపెడివారు. వీరాస్వామయ్య 1836లో పరమపదించిరి. శ్రీనివాసపిళ్లె ఆ రచనను ‘కాశీయాత్ర చరిత్ర’ అను పేర 1838లో అచ్చువేయించిరి.

ఈ గ్రంథము గొప్పతనము ఎందున్నది? ఏ మజిలీకి ఎంత దూరము, ఏ ఊరిలో దిగుటకు చోటు కలదు, ఎక్కడ సరుకులు దొరకును, ఎక్కడ బాట చెడ్డది అన్న సంగతులను ఆయన మార్గదర్శినివలె చెప్పిరి. అక్కడితో ఆగలేదు. ఏ ప్రాంతమున ఎవరి పరిపాలన యెట్లున్నది, జనుల మాటతీరు, ఆచారములు, పంటలు ఎట్టివన్నదియు గమనించి వ్రాసిరి. ఆయన వ్రాసిన మజిలీలలో నేడు బసచేయబోవువాడు లేడు. ఐనను ఆనాటి దేశమెట్లుండెనో తెలిసికొనగోరువాడు ఆ గ్రంథమును తెరువక తప్పదు. అందలి పాలు విరిగినవి, తేనె నిలిచినది.

మంచి పుస్తకమును ఎన్నుకొన్న తరువాత కూడ ఒక అపాయము మిగిలియుండును. అది పుస్తకమునకు బానిసయగుట. స్టార్క్ వేసిన ఆశ్చర్యార్థకములకు బదులుగా తరువాతివారు నక్షత్రములు వేయసాగిరి. రెండు నక్షత్రములున్నచోట జనము క్రిక్కిరియును. నక్షత్రము లేనిచోట పిట్ట వాలదు. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్పగుడి 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది. నల్లరాతిలో చెక్కిన ఆ మదనికల వంపులు ఎనిమిదివందల ఏండ్లుగా అచ్చటనే యున్నవి. 2021 జూలైలో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చిరి. అంతట బండ్లు బారులు తీరినవి. ఆ దినమునకు ముందు శిల్పము తక్కువదా? పెరటిచెట్టు మందునకు పనికిరాదన్నట్లు, ఎవరో ముద్రవేయువరకు దగ్గరివారే దానిని తగినంత ఆదరింపలేదు. పుస్తకములోని నక్షత్రము చూడదగినదానిని చూపును. నక్షత్రము లేకపోవుట చూడదగినది లేదని చూపదు. ఈ భేదము తెలిసినవాడే పుస్తకమును ఏలువాడు. తెలియనివానిని పుస్తకమే ఏలును.

యాత్రాచరిత్రలను ఎన్నుకొనుటలో వేరొక జాగ్రత్త అవసరము. మూడు దినములు ఒక ఊరిలో నుండి, ఒక బండివానిచేత మోసపోయి, ఆ ఊరివారందరును మోసగాండ్రని వ్రాసినవారు పెక్కుమంది కలరు. అట్టి పుస్తకము చదివి బయలుదేరినవాడు ఆ ఊరిలో ప్రతి నమస్కారమునందును కపటమునే చూచును. పుస్తకము ఒక ఊరి పరువును తీయగలదు. ఆ ఊరివారికి బదులు చెప్పుకొను అవకాశము దానిలో ఉండదు. అందుచేత వ్రాసినవానికి ఆ దేశపుభాష తెలియునా, అక్కడ ఎంతకాలము ఉండెను అని చూడవలెను. అల్‌బెరూనీ సంస్కృతము నేర్చి, పండితులను అడిగి, సుమారు 1030లో భారతదేశమును గూర్చి తన గ్రంథమును వ్రాసెను. రాహుల్ సాంకృత్యాయనుడు టిబెట్టు భాష నేర్చి టిబెట్టును గూర్చి వ్రాసెను. భాష నేర్చినవాడు పొరపాటు పడడని కాదు; కాని అతడు జనులను గూర్చి మాత్రమే కాక జనులతో మాటలాడి వ్రాయును. ఒకరి మాటనే నమ్మక, ఒకే ఊరిని గూర్చి ఇద్దరు వ్రాసినది చదువుట మరింత మేలు.

ఈ విచారణ అంతయు ఆచరణలో ఎట్లుండునో హంపీయాత్రవలన గ్రహింపవచ్చును. హంపీకి పోగోరువాడు మొదట క్రొత్తగా సవరించిన మార్గదర్శినిని తెచ్చుకొనవలెను. రైలు హొసపేటలో దిగవలెననియు, శిథిలములు చాల దూరము వ్యాపించియున్నందున ఒక్క పూటలో చూచుట అసాధ్యమనియు, వేసవిలో రాళ్లు నిప్పులు చెరుగుననియు అది చెప్పును. అంతతో ప్రయాణము సాగును, చూపు సాగదు. కృష్ణదేవరాయల కాలమున, సుమారు 1520లో, విజయనగరమును చూచిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ రత్నములు, ముత్యములు అమ్ము అంగడివీధిని, మహర్నవమి ఉత్సవములను కన్నులకు కట్టినట్లు వర్ణించెను. నగరము రోమంత పెద్దదని తలచెను. రాబర్టు స్యూయెల్ 1900లో తన విజయనగర చరిత్రలో దానిని ఇంగ్లీషులో ప్రకటించెను. ఆ వర్ణనము చదివి పోయినవానికి మహర్నవమి దిబ్బ రాళ్లకుప్పగా కనబడదు. ఏనుగుల ఘీంకారము, దీపముల వెలుగు అచ్చట మరల మేలుకొనును. 1565 తరువాత ఆ నగరమున కెట్టి గతి పట్టినదో తెలిసి, అతని కంఠము బరువగును.

విఠలాలయమునందలి సంగీతస్తంభములను మీటి నాదము వినుట పూర్వపు యాత్రికులకు వేడుక. మీటుటవలన రాళ్లకు హాని కలుగునని ఇప్పుడు వానిని తాకనీయరు. పాతకాలపు రచన కోరికను పుట్టించును; క్రొత్త మార్గదర్శిని హద్దును చెప్పును. ఒకటి లేక రెండవది చాలదు.

అరచేతిలో సెల్‌ఫోను ఉండగా పుస్తకములెందుకని కొందరు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నలో కొంత న్యాయము కలదు. రైలు వేళ, నేటి వాతావరణము, దారి మలుపు తెలిసికొనుటకు అచ్చుపుస్తకముకంటె ఫోను మేలైనదనుటకు సందేహము లేదు. పాలను తెచ్చుటకు అది మంచి పాత్ర. కాని ఫోను అడిగినదానికి బదులు చెప్పును; మంచి పుస్తకము అడుగవలెనని తోచనిదానిని కూడ చెప్పును. మహర్నవమి దిబ్బ పేరే విననివాడు దానిని గూర్చి ఫోనునెట్లు అడుగును? ముఖమెరుగనివారు ఫోనులో వేయు నక్షత్రములకును ఆ మూడు ప్రశ్నలు వర్తించును: ఎప్పుడు, ఎవరు, ఎవరికొరకు? కొండలలో సంకేతములు అందనిచోట ఫోను మూగవోవును. సంచిలోని పుస్తకము మూగవోదు.

పాఠశాలలవారు విహారయాత్రకు బయలుదేరునప్పుడు ఈ పద్ధతిని అవలంబించుట సులభము. కొందరు విద్యార్థులు మార్గదర్శిని చదివి బస, భోజనము, వేళల పట్టిక తయారుచేయవచ్చును. కొందరు పూర్వయాత్రికుల రచనలను గ్రంథాలయము నుండి తెచ్చి చదివి, ఏ తావున ఏమి జరిగెనో తోటివారికి చెప్పవచ్చును. మరికొందరు రెండింటిలోను లేనిదానిని అక్కడి ముసలివారిని అడిగి వ్రాసికొనవచ్చును. ఊరి దేవాలయము చెంతనో, కోటగుమ్మము ముందో నిలిచినప్పుడు మాత్రము అందరును పుస్తకములు మూసి కన్నులు తెరువవలెను. చదువవలసిన కాలము వేరు, చూడవలసిన కాలము వేరు.

మార్గదర్శిని లేనివాడు దారి తప్పును. యాత్రాచరిత్ర లేనివాడు దారి తప్పకనే ఊరిని తప్పును. రెండింటిని పరీక్షించి ఎన్నుకొని, రెండింటిని గౌరవించి, దేనికిని దాసుడు కాక, తన కన్నులతో చూచి, చూచినదానిని నిజాయితీతో నాలుగు పంక్తులు వ్రాసియుంచినవాడు తన యాత్రను తనకు మాత్రమే కాక, తన వెనుక రాబోవువారికిని ఉపయోగపరచినవాడగును. కాశీయాత్ర చరిత్రయు ఒకనాడు మిత్రునికి వ్రాసిన ఉత్తరములే యని విద్యార్థులు మరువరాదు.